1999 నాటి ఉత్తరం

బరంపురం సివిల్ కోర్టులో మీరు సాక్షి బోనెక్కారు. ప్రమాణం ఒడియాలో అయింది, జడ్జిగారికి "ఆజ్ఞా" అని బదులిచ్చారు. బల్ల మీద మీ కాగితాల కట్ట: మున్సిపాలిటీ పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, అన్నిటికీ అడుగున ఒక తెలుగు దస్తావేజు. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరు మద్రాసు రాజధానిలోది కాబట్టి ఇక్కడ ఆ లిపి ఎవరికీ వింత కాదు.

ఈ దావా ఏ ఒక్క ఇంటిదీ కాదు, ఇలాంటి వాటిని చూసి అల్లినది. రెండు గదుల పెంకుటిల్లు, పెరట్లో కొబ్బరిచెట్లు. కొన్నది మీ పెదతాతగారు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు రంగం (రంగూన్) వెళ్తూ, "ఇల్లు చూస్తుండరా తమ్ముడూ" అని మీ తాతగారి చేతిలో తాళాలు పెట్టారు. మళ్ళీ ఈ ఊరు రాలేదు. ఆయన సంతానం విశాఖలో స్థిరపడింది. ఇల్లు ఖాళీ చేయమని ఆయన మనవడు 2024లో దావా వేశాడు. ఎనభై ఏళ్ళ పైబడి మేమే ఉన్నాం, మాదైపోయిందని మీ జవాబు.

ఎనభై ఏళ్ళు చాలవా? 1963 నాటి కాలపరిమితి చట్టం 65వ అధికరణం సొంతదారుకు 12 ఏళ్ళే ఇస్తుంది. ఈలోగా కోర్టుకు రాకపోతే 27వ సెక్షను కింద ఆయన హక్కే పోతుంది. అయితే ఆ లెక్క మీరు కాపురం పెట్టిన రోజు నుంచి కాదు, మీ అనుభవం ఆయనకు ప్రతికూలమైన రోజు నుంచి. ఆయన ఉండమంటే ఉన్నవారు నూరేళ్ళున్నా కాపలాదారే. ఏ తేదీన స్వాధీనమైంది, ఏ తీరున, అవతలివారికి తెలుసా, ఎన్నాళ్ళు, బాహాటంగా సాగిందా? ఇవన్నీ మీరే రుజువు చేయాలని 2004లో కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అవతలి ప్లీడరు లేచారు. గొంతు మెత్తన.

"పన్ను మీరే కట్టారు కదండీ?"

"కట్టామండీ. ఒక్క ఏడాదీ తప్పలేదు."

"రసీదు ఎవరి పేరున ఉంది?"

పెదతాతగారి పేరున. మార్పించాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

"99లో ప్రహరీ పడిందట?"

"ఆజ్ఞా." అందరూ చెప్పుకునే పెను తుపాను కాదు, దానికి ముందు అదే అక్టోబరులో గంజాం మీద పడినది.

పేష్కారు ఒక ఇన్‌లాండు లెటరు మీ చేతికిచ్చాడు. నాన్నగారి దస్తూరీ, గుండ్రటి అక్షరాలు. విశాఖకు రాసినది. 'అన్నయ్యకు నమస్కారాలు. తుపానుకు మీ గోడ తూర్పు వైపు కూలింది. కట్టించమంటారా?'

"దస్తూరీ ఎవరిదండీ?"

అబద్ధమాడలేరు. "మా నాన్నగారిది."

మీ ప్లీడరు తల వంచుకుని ఏదో రాసుకుంటున్నారు.

నాకు మింగుడుపడనిది ఇదే. ఇది నాది పొమ్మని మొహాన చెప్పినవాడికి ఆ రోజే లెక్క మొదలవుతుంది, అడిగి గోడ కట్టినవాడికి ఎప్పటికీ మొదలు కాదు. 2008లో హేమాజీ వాఘాజీ కేసులో సుప్రీంకోర్టే ఈ చట్టాన్ని తప్పుపట్టి, మార్చే ఆలోచన చేయమని కేంద్రానికి సూచించింది. 2023లో లా కమిషన్ తన 280వ నివేదికలో మార్చనక్కర్లేదంది.

"మరి వాళ్ళ ఇల్లు కాదని ఎప్పుడన్నారు?"

ఈసారి మీ దగ్గర తేదీ ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చింది. పెంకులెగిరిపోయాయని విని మరుసటి నెలలో ఆ మనవడు వచ్చాడు. గేటు దగ్గరే ఆపారు. ఇల్లు మాది, లోపలికి రావద్దన్నారు. వీధంతా చూసింది. చెబుతూనే వేళ్ళు మడుస్తారు. 2013 నుంచి 2024కి 11.

బోను దిగి బయటికొస్తే, వరండాలో ఛత్రపురం వైపు రైతొకాయన తన వంతు కోసం కూర్చున్నాడు. ఆయన తగువు సర్కారుతో. అక్కడ 30 ఏళ్ళు చూపాలి. పాత చట్టంలో 60. గోదావరి ముఖద్వారం దగ్గర సముద్రంలో మేటవేసిన లంకల కోసం చెలికాని రామారావు కేసు ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్తే, 60 ఏళ్ళ అనుభవం రుజువు చేయాల్సింది హక్కు కోరినవారేనని 1916లో తేల్చారు.

"సెటిల్‌మెంటు హక్కుల రికార్డులో, రిమార్కుల గడిలో, తాతగారి పేరున దఖల్ అని రాసుంది కదండీ?" మీరు మీ ప్లీడరుని అడుగుతారు.

"ఉంది మాస్టారూ. ఎలా వచ్చిన దఖలో అందులో లేదు. ఉత్తరంలో ఉంది." కోటు తీసి భుజాన వేసుకున్నారాయన. "వచ్చే వాయిదాకి పక్కింటాయన్ని తీసుకురండి. 2013కి ముందు వాళ్ళనెవరినైనా గుమ్మంలోంచి పంపేశారేమో కనుక్కోండి. జరిగుంటే చెప్పమనండి, లేకపోతే అల్లొద్దు. ఈలోగా విశాఖవాళ్ళు రాజీకి ఏమంటారో నేను అడిగి చూస్తాను. పెరడు వదులుకోవడానికి ఇంట్లో ఒప్పుకుంటారా?"