పేరుకంటె ప్రమాణము మిన్న

వెలుతురునకు వెలుతురు తోడైనచో చీకటి యగునా? వినుటకు విపరీతమైన యీ ప్రశ్నకు, కొన్ని చోట్ల నగునని ప్రయోగపూర్వకముగా నుత్తర మొసగినవాడు థామసు యంగు అను నాంగ్లేయ వైద్యుడు.

కాంతి తరంగరూపమని హాలండు పండితుడు హైగెన్సు 1690లోనే వ్రాసెను. కాని 1704లో వెలువడిన గ్రంథమున న్యూటను మహాశయుడు కాంతి సూక్ష్మకణముల ప్రవాహమను పక్షమునకు మొగ్గెను. ఆ పేరునకు గల గౌరవముచేత తరంగవాదము నూరేండ్లు మూలబడెను.

యంగు 1801లో రాయల్ సొసైటీయందు దానిని మరల లేవనెత్తెను. కొలనులో రెండు చోట్ల పుట్టిన యలలు కలిసినపుడు, ఎత్తుతో ఎత్తు కూడినచోట నీరు మఱింత లేచును. ఎత్తుతో పల్లము కూడినచోట నిశ్చలమగును. కాంతియు నట్టిదే యని యతని వాదము. 1803లో ఎడింబరో రివ్యూ పత్రికయందు హెన్రీ బ్రూము తన పేరు దాచికొని, ఇందు ప్రయోగము గాని నూతనవిషయము గాని లేదని పరిహసించెను.

ఆ యేడే యంగు కిటికీ తలుపునకు సన్నని రంధ్రము చేసి, లోనికి వచ్చిన సూర్యకిరణమును అంగుళములో ముప్పదియవవంతు వెడల్పుగల అట్టముక్కతో రెండుగా చీల్చెను. నీడలో వెలుగుచారలును, చీకటిచారలును కన్పట్టెను. ఒక ప్రక్క వెలుతురు నడ్డగింపగనే నీడలోని యా చారలు మాయమయ్యెను! 1807లో ప్రకటించిన యుపన్యాసములలో రెండు సన్నని చీలికల ప్రయోగమును వివరించి, ఎఱ్ఱని కాంతితరంగము అంగుళములో సుమారు 36,000వ వంతనియు, ఊదా కాంతితరంగము 60,000వ వంతనియు తెలిపెను.

అయినను లోకము వెంటనే యొప్పుకొనలేదు. ఫ్రాన్సులో ఫ్రెనెలు తరంగవాదమును గణితబద్ధము చేయగా, ప్వాసాను అను పండితుడు, "అట్లయినచో గుండ్రని బిళ్ల నీడ నడుమ వెలుగుచుక్క యుండవలెను గదా!" యని యాక్షేపించెను. అరగో పరీక్షించి చూడగా, ఆ చుక్క నిజముగనే యుండెను. 1819లో బహుమానము ఫ్రెనెలునకు దక్కెను.

1905లో ఐన్‌స్టీను మూలమున కణవాదము వేఱొక రూపమున తిరిగివచ్చెను. కాని యంగు చూచిన చారలు చెఱగిపోలేదు. నూతనసిద్ధాంతము వానికిని సమాధానము చెప్పవలసి వచ్చెను.

యంగు న్యూటనును పూజించెను. పూజ్యుడు పొరపడజాలడని మాత్రము నమ్మలేదు. పెద్దలు చెప్పిరనుటయే మనలో నెన్నియో వాదములకు తుదిమాట యగుచున్నది. పెద్దలయెడ భక్తి యుండవలసినదే. కాని యది పరీక్షకు ప్రోత్సాహము కావలెను గాని ప్రతిబంధకము కారాదు.