క్లాసుల మధ్య సంబంధాలు

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో ఒక క్లాసు మరో క్లాసుతో ముడిపడే తీరు. కృష్ణా జిల్లా కంకిపాడు మార్కెట్ యార్డుకు సాఫ్ట్‌వేర్ రాయాలంటే కింది సంబంధాలన్నీ అవసరపడతాయి.

ఇన్‌హెరిటెన్స్ (వారసత్వం): ‘వరి’, ‘మినుము’ క్లాసులు ‘పంట’ క్లాసు లక్షణాలను పుణికిపుచ్చుకుంటాయి.
అసోసియేషన్: రైతుకు, వ్యాపారికి లావాదేవీ ఉన్నా ఎవరి ఉనికి వారిదే.
అగ్రిగేషన్: యార్డు ఆబ్జెక్టును తొలగించినా అందులోని వ్యాపారుల ఆబ్జెక్టులు మిగులుతాయి.
కాంపోజిషన్: బిల్లును చెరిపేస్తే దానిలోని పద్దులూ పోతాయి.
డిపెండెన్సీ: తూకం మెథడ్ కాటా ఆబ్జెక్టును అప్పటికి వాడుకుని వదిలేస్తుంది.

వారసత్వం నార్వేలో డాల్, నైగార్డ్ రూపొందించిన సిములా 67 భాషతో వచ్చింది. ఈ సంబంధాలను బొమ్మగా గీసే యూనిఫైడ్ మోడలింగ్ లాంగ్వేజ్, అంటే యూఎంఎల్‌ను ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ (ఓఎంజీ) 1997లో ప్రమాణంగా స్వీకరించింది. అందులో వారసత్వానికి బోలు త్రికోణం, అగ్రిగేషన్‌కు బోలు డైమండ్, కాంపోజిషన్‌కు నిండు డైమండ్ గుర్తులు.