ముసురు నాటి బడి

మూడు రోజులుగా ముసురు విడువలేదు. సూర్యదర్శనం లేదు. ఉదయపు నడక మానుకొని మూడు రోజులైంది. వార్తాపత్రిక సగం తడిసి వచ్చింది. కరెంటు వచ్చి పోతూ ఉంది. మోకాళ్ళు మబ్బును ఆకాశం కంటె ముందుగానే పసిగట్టినవి. పిల్లలు ఎవరి గదిలో వారున్నారు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని కూర్చుంటే, ఇటువంటి దినాన పూర్వకాలపు వృద్ధులు ఏమి చేసేవారు అన్న ప్రశ్న కలిగింది. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర మనకు బడిలో చెప్పారు, నేనూ చెప్పాను. వాన కురిసే రోజున ఇంట్లో కూర్చున్న ముసలివాని చరిత్ర ఎవరూ చెప్పలేదు. తెలిసినంతలో ఆ చరిత్రను కూర్చుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట ముచ్చట. సంస్కృతంలో వర్షమంటే వాన, వర్షమంటే సంవత్సరం కూడా. ఎన్ని వానలు చూస్తే అన్నేళ్ళ వయసు. పాణినీయం ప్రకారం వృద్ధ శబ్దానికి తారతమ్యం చెప్పవలసి వచ్చినపుడు 'వర్షి' అనే రూపం ఆదేశంగా వస్తుంది. మిక్కిలి వృద్ధుడు వర్షీయాన్, అందరికంటె వృద్ధుడు వర్షిష్ఠుడు. అమరకోశం కూడా వర్షీయాన్ అనే పదాన్ని వృద్ధ పర్యాయాలలో చేర్చింది. ఇది వాన నుండి పుట్టిన మాటేనని నేను వాదించను. కాని ఆ మాట వినగానే చెవిలో చినుకు పడిన చప్పుడు కాకపోదు.

ఈ లెక్క కేవలం నిఘంటువులలో మిగిలిపోలేదు. బౌద్ధ భిక్షువులు ఆషాఢ పూర్ణిమ మరునాటి నుండి మూడు నెలలు సంచారం మాని ఒకేచోట ఉండాలని వినయ నియమం. దానికే వర్షావాసమని పేరు. ధాన్యకటకంలోను, నాగార్జునకొండలోను శిథిలమై కనిపించే విహారాల చిన్న చిన్న గదులు ఒకప్పుడు ఈ వానాకాలపు నివాసానికి ఆశ్రయమిచ్చినవే. ఒక భిక్షువు పెద్దవాడా చిన్నవాడా అన్నది అతడు పుట్టిన సంవత్సరాన్ని బట్టి కాక, దీక్ష తరువాత గడిపిన వర్షావాసాల సంఖ్యను బట్టి నిర్ణయించేవారు. పది వానలు గడిపినవాడు స్థవిరుడు. నమస్కారం ఎవరు ఎవరికి చేయాలన్నది వానల లెక్క తేల్చేది.

వైదిక సంప్రదాయంలో చాతుర్మాస్యం ఇటువంటిదే. ఆషాఢ శుక్ల ఏకాదశినాడు విష్ణువు శయనిస్తాడు. కార్తిక శుక్ల ఏకాదశినాడు మేల్కొంటాడు. ఈ నడుమ శ్రావణంలో కూరలు, భాద్రపదంలో పెరుగు, ఆశ్వయుజంలో పాలు, కార్తికంలో పప్పుదినుసులు విడిచిపెట్టడం వ్రతనియమం. సన్న్యాసులు ఒక ఊళ్ళో నిలిచిపోయేవారు. వాగులు పొంగి బాటలు తెగిన కాలంలో ఊరికి వచ్చిన పెద్దమనిషి ఎక్కడికీ పోలేడు. పోలేని పెద్దవాడు చెపుతాడు. పోలేని చిన్నవాళ్ళు వింటారు. వర్షావాసంలోని బోధనలకూ చాతుర్మాస్యంలోని పురాణ ప్రవచనాలకూ మూలం ఈ నిర్బంధమే. వాన బలవంతుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టింది. ఎలాగూ ఇంట్లోనే ఉండే వృద్ధునికి శ్రోతలను సమకూర్చింది.

ఇక గృహస్థుల సంగతి. 1509 నుండి 1529 వరకు పాలించిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానాకాలపు వంటింటిని చూపించిన తీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. సామ్రాజ్యాలను గెలిచిన రాజుకు పొయ్యి సంగతి ఇంత బాగా ఎలా తెలిసిందో! విల్లిపుత్తూరులో విష్ణుచిత్తుని ఇంటికి జడివానలో అతిథులు వస్తారు. కట్టెలు తడిసి ఉంటాయి గనుక, భార్య కండ్లలోకి పొగ పోకుండా ఎండిన కొబ్బరి డిప్పలతో పొయ్యి రాజేసి వంట చేయిస్తాడు. అన్నం, పప్పు, నాలుగైదు వేపుడు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. తరువాత వచ్చే వర్షర్తు వర్ణనలో ఇంటింటికీ తిరిగినా కాస్త నిప్పు దొరకని కష్టాన్నీ ఆయన విడిచిపెట్టలేదు.

ఈ వంటకాల పట్టికను విద్యార్థులకు నేను అలంకార దృష్టితో బోధించాను. దానిలో ఒక వృద్ధురాలు దాగి ఉన్నదని అప్పుడు తోచలేదు. వడియం వానాకాలంలో పుట్టదు. వరుగు వానాకాలంలో ఎండదు. చైత్ర వైశాఖాల ఎండలో ఎవరో గుమ్మడికాయ తరిగారు, మినప్పిండి రుబ్బారు, కాకులను అదిలిస్తూ చాప ప్రక్కన కూర్చున్నారు. మా ఇండ్లలో ఆ కాకులను అదిలించే ఉద్యోగం ఎప్పుడూ బామ్మగారిదే. అంటే వానదినాన ఇంటిల్లిపాదీ తిన్నది నాలుగు నెలల వెనుకటి ఒక ముసలామె ముందుచూపును.

మగవారికీ పని ఉండేది. అరుగుమీద కూర్చొని గోగునార పురిపెట్టి పగ్గాలు పేనేవారు. మంచాలకు నులక పేనేవారు. ఎండిన మోదుగాకు తేమకు మెత్తబడుతుంది గనుక విస్తళ్ళు కుట్టడానికి ముసురు అనుకూలం. ఆడవారు ప్రత్తి ఏకి కార్తికానికి కావలసిన వత్తులు చేసేవారు. కంటికి చత్వారం వచ్చినా ఈ పనులు ఆగవు, వేళ్ళే చూస్తాయి.

వీటన్నిటికంటె పెద్ద పని వానను కొలవడం. కొలత అన్నది మనకు క్రొత్త విద్య కాదు. 1909లో ఆర్. శామశాస్త్రిగారు ప్రచురించిన కౌటిల్యుని అర్థశాస్త్రంలో, ధాన్యాగారంలో అరత్ని వెడల్పు మూతిగల కుండను వర్షమానంగా ఉంచాలని ఉంది. అరత్ని అంటే మూర. ఏ దేశంలో ఎంత వాన కురుస్తుందో కూడ చెప్పాడు: మెట్ట ప్రదేశాలకు 16 ద్రోణాలు, అశ్మక దేశానికి పదమూడున్నర, అవంతికి 23. ఆ అశ్మక దేశపు రాజధానిని నేటి తెలంగాణలోని బోధనుగా పలువురు చరిత్రకారులు గుర్తించారు. అంటే తెలుగు నేల వాన లెక్క అంత ప్రాచీన గ్రంథానికి ఎక్కిందన్నమాట.

పల్లెలో వర్షమానం వాకిట్లోని రోలు. తెల్లవారి రోటిలో నీళ్ళెంత నిలిచాయో తాత చూసేవాడు. తరువాత పెరట్లోకి పోయి మట్టిలో వేలు గ్రుచ్చి పదును ఎంతవరకు దిగిందో చూసేవాడు. ఆ వేలి తడిని బట్టి అరకలు కట్టాలా వద్దా అన్నది తేలేది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు పదునాలుగు రోజులు ఒక కార్తె. జూన్ రెండవ వారం ప్రవేశాన మృగశిర, దాని వెంట ఆరుద్ర, తరువాత పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ. ఏ కార్తెలో ఏ విత్తు వేయాలో, ఏ కార్తెలో వాన ముఖం చాటేస్తుందో సామెతలుగా పెద్దల నోటనే ఉండేది. తెలంగాణలో మృగశిర ప్రవేశించిన నాడు చేపలు తినడం, చేపలు తినని వారు ఇంగువను బెల్లంతో కలిపి మింగడం నేటికీ ఉన్న ఆచారం. ఋతువు మారేవేళ దేహాన్ని కాపాడుకొనే ఉపాయమని పెద్దలు చెప్పేవారు.

ఇదంతా చదివి పూర్వకాలపు ముసలితనం పట్టుపరుపు అనుకోరాదు. తాటాకు కప్పు నలభైచోట్ల కారే ఇంట్లో, గిన్నెలన్నీ నేలమీద పరచి, తడవని మూలను పసిపిల్లకు విడిచి, గొంగడి కప్పుకొని గోడకు చేరగిలబడి తెల్లవార్లూ కూర్చున్న వృద్ధులే ఎక్కువ. రెక్కాడితే గాని డొక్కాడని ఇంట్లో ముసురంటే పస్తు. పనిచేయలేని నోటికి కంచం చివరన వచ్చేది. నిరాధారులైన వృద్ధులకు దేశవ్యాప్తంగా జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం క్రింద పింఛను అన్నది 1995లో గాని ఏర్పడలేదు. ఇక 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగినప్పుడు, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ముందుగా కొట్టుకొనిపోయినవారిలో పరుగెత్తలేని వారు ఎందరో ఊహించవచ్చును. వాన అందరి మీదా ఒకేలా కురుస్తుంది గాని, అందరి కప్పూ ఒకటి కాదు.

అయినా ఆ కారే కప్పు క్రింద కూడా ఒక్కటి ఉండేది. ముసలివారి నోట మాట ఉండేది, దానికి చెవులుండేవి. ఇక్కడ నా సంగతి కొంత చెప్పక తప్పదు.

మా అమ్మకు అక్షరాలు అంతంతమాత్రం. కాని ముసురుపట్టిన నాడు వత్తులు చేసుకొంటూ 'ఊర్మిళాదేవి నిద్ర' మొదలుకొని ఎన్నో పాటలు పాడేది. రామునితో లక్ష్మణుడు వనవాసం చేసిన పదునాలుగేండ్లూ ఊర్మిళ నిద్రపోయిందట. పట్టాభిషేకం తరువాత భర్త వచ్చి లేపితే, పరపురుషుడనుకొని మందలిస్తుంది. వాల్మీకంలో ఈ కథ లేదు. నేను అప్పుడు విద్వాన్ పరీక్షకు చదువుతున్నాను. 1858లో అచ్చయిన చిన్నయసూరి బాలవ్యాకరణం ఒడిలో ఉన్నది. "అమ్మా, అందులో సంధులన్నీ తప్పు, మూలంలో లేని కథ" అని ఒకనాడు అన్నాను. అమ్మ నవ్వి ఊరుకొంది. ఆ తరువాత నా ముందు బిగ్గరగా పాడిన జ్ఞాపకం లేదు.

ఉద్యోగంలో చేరాను. ఏటేటా ఆగస్టు 29న, సరిగా వానల నడుమ, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి వచ్చేది. 1863లో పుట్టి 1940లో గతించిన ఆ మహనీయుడు ప్రజల నోటి భాష కోసం ఎంత పోరాడాడో బడిలో గంటసేపు ఉపన్యసించేవాణ్ణి. ఇంటికి వచ్చి, వత్తులు చేసుకొంటున్న అమ్మ ప్రక్కనుండి నడిచి గదిలోకి పోయి తలుపు వేసుకొనేవాణ్ణి. ఆ రెండింటికీ సంబంధం ఉన్నదని నాకు తట్టలేదు.

నాకు తట్టనిది తట్టినవారున్నారు. స్త్రీల రామాయణపు పాటలను శ్రమపడి సేకరించి అచ్చువేయించినవారున్నారు. 1991లో వెలువడిన ఒక వ్యాసంలో వెల్చేరు నారాయణరావుగారు, ఈ పాటలు రామకథను ఇంటి లోపలి నుండి, ఆడవారి కంటితో చూస్తాయనీ, బ్రాహ్మణ స్త్రీల పాటలకూ పొలంలో పనిచేసే స్త్రీల పాటలకూ దృష్టిభేదం ఉన్నదనీ నిరూపించారు. ఆ వ్యాసం చదివేనాటికి అమ్మ లేదు. నేను తప్పులు పట్టిన పాట ఒక ప్రత్యేక సాహిత్యమని తెలుసుకొని, దాన్ని పాడుకొందామని చూస్తే మూడు చరణాలకు మించి జ్ఞాపకం రాలేదు.

ఈ బడి ఎప్పుడు మూతపడిందని ఒక తేదీ చెప్పలేము. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. ఊరి పురాణకాలక్షేపానికి తోడుగా రేడియో వచ్చింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. 1987లో ఆదివారం ఉదయాన రామాయణం దృశ్యరూపంలో వచ్చినప్పుడు వృద్ధులే ముందువరుసలో కూర్చొని మంగళహారతి ఇచ్చారు. అయితే ఆనాటి నుండి కథ చెప్పేవారు వినేవారైనారు. దానికి యంత్రాలను నిందించడం న్యాయం కాదు. నా చెవులు మూసింది రేడియో కాదు, నా పాండిత్యం. నేడు వాన ఎప్పుడు వస్తుందో చరవాణి చెపుతుంది. చాలాసార్లు తాత కంటె సరిగానే చెపుతుంది. కాని వాన వచ్చిన తరువాత ఏమి చేయాలో అది చెప్పదు.

నిన్న సాయంకాలం ఆలోచించి మా అక్కయ్యకు ఫోను చేశాను. ఆమెకు డెబ్బది ఎనిమిదేళ్ళు. వాళ్ళ ఊళ్ళోనూ వానేనట.

"అక్కయ్యా, అమ్మ పాడే ఊర్మిళ పాట నీకు వచ్చునా?" అన్నాను.

"వచ్చు. నీకు రాదూ?"

"మూడు చరణాలే గుర్తున్నాయి."

కొంతసేపు చూరునీళ్ళ చప్పుడు వినిపించింది. తరువాత అన్నది: "అప్పుడు నువ్వు వ్యాకరణం చదువుకొంటున్నావు కదరా తమ్ముడూ."

ఎత్తిపొడుపు కాదది, ఆమె మామూలుగానే అన్నది. అందుకే ఎక్కువగా తగిలింది. ఆ తరువాత సన్నని గొంతుతో మొదలుపెట్టింది. నడుమ ఆయాసపడింది, రెండుచోట్ల ఆగి మళ్ళీ వెనుకనుండి అందుకొన్నది. నేను కాగితం మీద వ్రాసుకొన్నాను. సంధులు దిద్దలేదు. ఊర్మిళ ఇంకా నిద్ర లేవలేదు, అక్కయ్యకు దగ్గు వచ్చి నిన్నటికి ఆగిపోయింది.

పాఠక మిత్రులకు ఒక్క మనవి. మీ ఇంట్లో డెబ్బది దాటినవారుంటే, ముసురు పట్టిన నాడు వారి ప్రక్కన ఒక పీట వేసుకోండి. వారు చెప్పినది తప్పో ఒప్పో తరువాత చూసుకోవచ్చు.

వాన ఇంకా కురుస్తూనే ఉన్నది. అక్కయ్య నాలుగు గంటలకు ఫోను చేయమన్నది.