క్లోమంలోని హార్మోన్ కణితులు: రుజువు ముందు, చిత్రం తరువాత

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరపకోతకు పరగడుపున వెళ్లిన కూలీ చెమటలు పట్టి, పొంతన లేకుండా మాట్లాడి పడిపోతే నీరసమనో, మూర్ఛ అనో, గాలి సోకిందనో అంటారు. చాలాసార్లు కారణం మామూలుదే. అరుదుగా మాత్రం క్లోమంలో ఇన్సులిన్‌ను అదుపు లేకుండా స్రవించే చిన్న కణితి ఉంటుంది. దీన్నే ఇన్సులినోమా అంటారు.

ఈ వ్యాధిని కంటితో చూడకముందే రక్తపరీక్షతో పట్టుకోగలిగారు. 1921-22లో టొరంటోలో ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1927లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో వైల్డర్ బృందం, ఒక రోగి కణితి సారం కుందేళ్లలో రక్తంలోని చక్కెరను తగ్గిస్తుందని చూపింది. 1929లో టొరంటోలోనే రోస్కో గ్రాహం అలాంటి కణితిని తొలగించి రోగిని బాగుచేశాడు. ఉపవాసంలో లక్షణాలు రావడం, అప్పుడు చక్కెర తగ్గి ఉండటం, గ్లూకోజ్ ఇస్తే తేరుకోవడం అనే మూడు గుర్తులను 1930లలో విపుల్ స్థిరపరిచాడు.

1946లో గుంటూరు వైద్య కళాశాల మొదలయ్యేనాటికి ఇదంతా తెలిసిన విషయమే. కానీ కణితి ఎక్కడుందో ప్రపంచంలో ఏ ఎక్స్‌రే గదీ చెప్పలేకపోయేది. క్లోమం, కణితి రెండూ మెత్తని కణజాలమే కాబట్టి నీడలో తేడా రాదు. పైగా కణితి తరచు 2 సెంటీమీటర్ల లోపే. శస్త్రవైద్యుడు పొట్ట తెరిచి వేళ్లతో తడిమి వెతకాలి. దొరక్కపోతే క్లోమం తోక భాగాన్ని అంచనాతో కోసేవారు. కణితి తల భాగంలో ఉంటే రోగికి కోతే మిగిలేది.

1960లలో ధమనిలోకి కాంట్రాస్ట్ ద్రవం ఎక్కించి తీసే యాంజియోగ్రఫీ కొంత దారి చూపింది. ఆ తరువాత సి.టి., ఎం.ఆర్.ఐ. వచ్చాయి. వాటికంటే మేలైనది, నా దృష్టిలో, జీర్ణాశయం లోపలి నుంచి క్లోమాన్ని దగ్గరగా చూసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్. 1980ల చివర రోటర్‌డామ్ వైద్యులు కణితి కణాలపై ఉండే సొమాటోస్టాటిన్ గ్రాహకాలకు అతుక్కునే రేడియోధార్మిక పదార్థంతో చిత్రాలు తీశారు. గాస్ట్రిన్ స్రవించే కణితులు ఇందులో బాగా కనిపిస్తాయి. ఆ గ్రాహకాలు తక్కువగా ఉండే ఇన్సులినోమాలు చాలా తప్పిపోతాయి. అందుకే స్కాన్‌లో ఏమీ లేదన్నా రోగం లేదని అర్థం కాదు. నేటికీ ఆసుపత్రి పర్యవేక్షణలో 72 గంటల వరకూ సాగే ఉపవాస పరీక్షతోనే వ్యాధిని నిర్ధారిస్తారు. స్కాన్ పని ఆ తరువాతే.