కోలారు బంగారు గనులు: చూడవలసిన స్థలములు, మరువరాని మనుష్యులు

చిత్తూరు జిల్లాలో కుప్పము దాటి కర్ణాటక రాష్ట్రములో ప్రవేశించినవారికి కొద్ది మైళ్ల దూరములోనే కె.జి.ఎఫ్. అను పట్టణము కలదు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ అనునది దాని పూర్తి పేరు. 2018లోను 2022లోను ఈ పేరుతో వచ్చిన రెండు చలనచిత్రముల వలన తెలుగునాట చిన్నపిల్లలకు సహితము ఈ పేరు తెలిసినది. నాటినుండి ఈ ఊరు చూడవలెనని బయలుదేరువారి సంఖ్య కూడ పెరిగినది. ఆ చిత్రముల కథ కల్పితము. గనుల చరిత్ర మాత్రము కల్పితము కాదు.

సంఘము యొక్క శతాబ్ది సంచికలో గనుల పట్టణము గురించి వ్రాయుట ఎందుకని కొందరు సభ్యులు అడుగవచ్చును. రెండు కారణములు చెప్పుదును. సరిహద్దు గ్రామములనుండి అనేక తెలుగు కుటుంబములు కూలికొరకు ఆ గనులకు వెళ్లినవి. ఇది మొదటిది. నూరేండ్ల చరిత్ర వ్రాయునపుడు ఎవరి పేరు నిలుచును, ఎవరి పేరు జారిపోవును అను ప్రశ్న మన యెదుట కూడ ఉన్నది. ఆ ప్రశ్నకు ఈ పట్టణము ఒక కఠినమైన పాఠము చెప్పుచున్నది. ఇది రెండవది.

గనుల పుట్టుక

19వ శతాబ్దపు ఆరంభములో జాన్ వారెన్ అను సైనికోద్యోగి ఈ ప్రాంతమును సర్వే చేయుచు, ఊరుగాము, మారికుప్పము పరిసరములలోని గ్రామస్థులు మట్టిని కడిగి బంగారు రేణువులు తీయుట కన్నులార చూచినాడు. అతడు వ్రాసిన సంగతిని చాలకాలము తరువాత మైఖేల్ లవెల్ అను ఐరిష్ సైనికుడు చదివినాడు. న్యూజిలాండు యుద్ధములలో పనిచేసి బెంగుళూరులో స్థిరపడిన ఈ లవెల్ 1873లో మైసూరు ప్రభుత్వమును అనుమతి కోరి, పిమ్మట 20 సంవత్సరముల హక్కు సంపాదించినాడు. డబ్బు చాలక ఆ హక్కును ఇతరులకు అప్పగించవలసి వచ్చినది. 1880లో లండనులోని జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగములోనికి వచ్చినది. 1883 ప్రాంతములో చాంపియన్ అను గొప్ప బంగారపు పొర బయటపడినది. అంతటితో ఆ బంజరు నేల దశ మారినది.

ఇచ్చట ఒక సంగతి గమనింపుడి. లవెల్ పేరు నేటికిని బెంగుళూరులో ఒక పెద్ద వీధికి ఉన్నది. అతనికి ముందే బంగారమును ఎరిగియుండిన ఊరుగాము గ్రామస్థులలో ఒక్కని పేరైనను మనకు మిగులలేదు.

1956లో మైసూరు ప్రభుత్వము గనులను జాతీయము చేసినది. 1962లో అవి కేంద్ర ప్రభుత్వము క్రిందికి వచ్చినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. ఈ 120 సంవత్సరములలో తీసిన బంగారము సుమారు 800 టన్నులు.

యాత్రికుడు చూడవలసినవి

వీలున్నవారు రైలులో వెళ్లుట మంచిది. బంగారుపేటనుండి మారికుప్పము వరకు గనుల కొరకే 1894లో వేసిన చిన్న శాఖా మార్గమది. కోరమాండల్, ఊరుగాము, చాంపియన్, మారికుప్పము అను స్టేషన్ల పేర్లు వినుచు పోయినచో గనుల పటము చదివినట్లే యుండును. గనులు మూతపడిన తరువాత ఈ రైలే పట్టణమునకు ప్రాణాధారమైనది. వేలాదిమంది తెల్లవారకముందే లేచి కూలికి, ఉద్యోగములకు బెంగుళూరు వెళ్లి, రాత్రికి ఇల్లు చేరుచున్నారు. తాతలు పనికొరకు భూమి లోపలికి దిగినారు, మనుమలు పనికొరకు 100 కిలోమీటర్లు పోవుచున్నారు.

తరువాత చూడవలసినవి గని బావులు. వాటిని షాఫ్టులందురు. లోపలికి దిగుట నేడు సాధ్యము కాదు. నీరు తోడుట ఆగిపోయినందున సొరంగములు నీటితో నిండిపోయినవి. బయట నిలిచియున్న ఇనుప కట్టడములను చూచి లోతును ఊహించుకొనవలెను. చాంపియన్ రీఫ్ గని సుమారు 3.2 కిలోమీటర్లు, అనగా పదివేల అడుగులకు మించిన లోతు. మన హార్సిలీ కొండ సముద్రమట్టమునకు నాలుగువేల అడుగుల పైచిలుకు ఎత్తు. అట్టి ఎత్తులు రెండు ఒకదానిపై నొకటి నిలిపినను ఆ లోతు నిండదు. అడుగున రాతి వేడి 60 డిగ్రీల సెంటీగ్రేడును మించియుండెను. అంత లోతున రాయి తనపైనున్న బరువునకు తాళలేక ఒక్కసారిగా పగిలి విరజిమ్మును. దీనిని రాక్ బరస్టు అందురు. ముందుగా హెచ్చరిక యుండదు. అట్టి పగుళ్లలో ప్రాణములు పోగొట్టుకొన్నవారు అనేకులు.

మూడవది సయనైడు దిబ్బలు. చలనచిత్రములలో అందరు చూచిన తెల్లని కొండలివే. రాతిని పిండిగా నలిపి, సయనైడు కలిపిన నీటితో బంగారమును కరిగించి తీసినపిమ్మట మిగిలిన పొడి ఇది. 13 దిబ్బలలో సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల పొడి యున్నది. ఈ పొడిని, తీసిన 800 టన్నుల బంగారమును ప్రక్కప్రక్కన పెట్టి లెక్కవేసినచో ఒక గ్రామునకు 40 కిలోలకు పైగా వచ్చును. పది గ్రాముల ఉంగరము వేలికి పెట్టుకొన్నవారు 400 కిలోల రాతిపొడి ఎవరి చేతులమీదుగా, ఎవరి ఊపిరితిత్తులగుండా పోయినదో ఆలోచింపవలెను. రాతిదుమ్ము పీల్చుటచేత వచ్చు సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి భారతదేశములో మొట్టమొదట 1934లో నమోదైనది ఈ గనులలోనే. గాలికాలములో దిబ్బలమీది దుమ్ము ఊరి ఇండ్లలోనికి కూడ వచ్చును గనుక ఆ సమయమున వెళ్లువారు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట క్షేమము.

ఈ దిబ్బలు కూడ శాశ్వతము కావు. వాటిలో ఇంకను మిగిలిన బంగారమును తీయు ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించినది.

నాలుగవది దొరల కాలపు కట్టడములు: విశాలమైన బంగళాలు, తెల్లవారి కొరకు ఏర్పడిన క్లబ్బు, ఆసుపత్రి, దేవాలయములు. ఊరుగాములోని సెయింట్ మైఖేల్ అండ్ ఆల్ ఏంజెల్స్ దేవాలయము ఆంగ్లికన్ సంప్రదాయమునకు చెందినది. చాంపియన్ రీఫ్స్‌లో రోమన్ కతోలికుల విజయమాత దేవాలయము కలదు. ఇంగ్లాండులోని కార్న్‌వాల్ ప్రాంతమునుండి వచ్చిన గని నిపుణులలో మెథడిస్టులు అనేకులు. ఆంగ్లికనులు, మెథడిస్టులు ఒకే సంఘములో చేరినది 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు. కాని గని లోపల ప్రమాదము వచ్చినపుడు ఎవరు ఏ శాఖవారని అడిగినవారు ఉండియుండరు.

అయిదవది విద్యుత్తు చరిత్ర. 1902 జూన్ 30న కావేరీ నదిమీద శివసముద్రమునుండి సుమారు 147 కిలోమీటర్ల తీగెలగుండా గనులకు విద్యుత్తు వచ్చినది. ఆనాటికి ప్రపంచములోని పొడవైన లైనులలో ఇది ఒకటి. బెంగుళూరు నగరమునకు దీపములు వచ్చినది 1905లో, అనగా గనుల యంత్రములకు మూడేండ్ల తరువాత.

ఆరవది విజ్ఞానశాస్త్ర చరిత్ర. ఇది చాలమందికి తెలియదు. అంతరిక్షమునుండి వచ్చు కిరణముల సందడి లేని స్థలము కొరకు శాస్త్రజ్ఞులు వెదకి, ఈ గని లోతునే ఎన్నుకొన్నారు. 1965లో టాటా పరిశోధన సంస్థవారు, జపానులోని ఒసాకా, ఇంగ్లాండులోని డర్హం విశ్వవిద్యాలయములవారు కలిసి చాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణములో పుట్టిన న్యూట్రినోలను కనుగొన్నారు. విజ్ఞానశాస్త్రము చదువు మన పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పవలెను.

సమయమున్నవారు బేతమంగళము చెరువును, పెద్దపల్లి వద్ద జాతీయ భూగర్భ స్మారకముగా ప్రకటింపబడిన అతి ప్రాచీనమైన అగ్నిపర్వత శిలలను చూడవచ్చును. హిందూ సోదరులు విరివిగా దర్శించు కమ్మసంద్ర కోటిలింగేశ్వర ఆలయము కూడ సమీపముననే కలదు. అక్కడి పెద్ద లింగము ఎత్తు 108 అడుగులు.

ఎవరు దిగినారు?

ఇంతవరకు చెప్పినవన్నియు కంటికి కనబడునవి. ఈ ఊరిలో అన్నిటికన్న ముఖ్యమైన స్థలము మాత్రము ఏ పట్టికలోను ఉండదు. అది కూలీల లైన్లు. వరుసగా కట్టిన చిన్న చిన్న ఇండ్లను అచ్చట లైన్లందురు. 20వ శతాబ్దపు ఆరంభములో ఒక దశలో 30 వేలమందికి పైగా గనులలో పనిచేసినారు. భూమి లోపలికి దిగినవారిలో అధికభాగము ఉత్తర ఆర్కాటు మొదలైన జిల్లాలనుండి వచ్చిన దళితులు. ఊరిలో భూమి లేక, కరువులకు తాళలేక, కులము పేరిట అవమానము భరింపలేక వచ్చినవారు వీరు. వీరు కేవలము కూలివాండ్రుగా బ్రతుకలేదు. అయోతి దాసు పండితుడు మద్రాసులో ప్రారంభించిన బౌద్ధ సంఘమునకు ఈ గనుల ప్రాంతములో బలమైన శాఖ యుండెను. 1930లో పనివారందరు వ్రేలిముద్రలు వేసి నమోదు కావలెనని కంపెనీ నిర్ణయించినపుడు వారు సమ్మె చేసినారు. వ్రేలిముద్ర దొంగలకు గాని మాకెందుకు అనునది వారి బాధ. మనిషిని ముద్రగా లెక్కించుట వేరు, పేరు పెట్టి పిలుచుట వేరని వారికి బాగుగా తెలియును.

ఇందులో మనవారు ఎందరు? ఈ ప్రశ్నకు జవాబు వెదకువారు ఒక విషయము జ్ఞాపకముంచుకొనవలెను. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. అంతకుముందు చిత్తూరు, పలమనేరు ప్రాంతములు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. కాబట్టి పాత కాగితములలో ఉత్తర ఆర్కాటు కూలీలని వ్రాసియున్నచో వారందరు తమిళులేయని అనుకొనరాదు. వారిలో మన పలమనేరు, కుప్పము గ్రామములవారు కూడ ఉందురు. జిల్లా పేరు మారుటతో వారి జాడ కలిసిపోయినది. ఈ బంగారపు రాతిపట్టీ సరిహద్దు దాటి ఆంధ్రలోనికి కూడ వచ్చును. చిత్తూరు జిల్లాలో చిగరగుంట, అనంతపురము సీమలో రామగిరి వద్ద ఎప్పమాన గనులను ఆ భారత్ గోల్డ్ మైన్స్ సంస్థయే నడిపినది. అవియు మూతపడినవి.

మనము నేర్చుకొనవలసినది

యోబు గ్రంథము 28వ అధ్యాయము చదివినవారు ఒక వింత చూతురు. మనుష్య సంచారము లేని చోట గని త్రవ్వుట, చీకటిలో రాతిని వెదకుట, త్రాళ్లకు వ్రేలాడుట అంతయు అచ్చట వర్ణింపబడియున్నది. భూమి అడుగువరకు వెదకగలిగిన నరుడు జ్ఞానము దొరకు స్థలమును ఎరుగడని ఆ అధ్యాయపు సారాంశము. వేదాంత కళాశాలలో ఈ భాగమును కావ్యముగా చదువుకొన్నాము. కె.జి.ఎఫ్. చరిత్ర ఎరిగినవారికి అది త్రాటికి వ్రేలాడిన మనుష్యుని కథగా కూడ కనబడును.

బంగారము లండనుకు పోయినది, తరువాత ఢిల్లీకి పోయినది. దిబ్బలు, వ్యాధి, లైన్లు ఊరికి మిగిలినవి. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట అని పేటలకు దొరల పేర్లు నిలిచినవి. సంఘముల చరిత్రలు కూడ చాలవరకు ఇట్లే వ్రాయబడినవి. మిషనరీల పేర్లు, బిషప్పుల పేర్లు, పునాదిరాళ్లు వేసినవారి పేర్లు ఉండును. ఆ గోడలకు రాళ్లు మోసిన స్త్రీల పేర్లు ఉండవు. మిషనరీల సేవను తగ్గించుటకు ఈ మాట చెప్పుట లేదు. లెక్క సగమే వ్రాసియున్నదని చెప్పుచున్నాను.

మిగిలిన సగము వ్రాయుటకు సాధనము మన చేతిలోనే యున్నది. పాత బాప్తిస్మపు రిజిస్టరులలో తండ్రి యొక్క వృత్తి వ్రాయు గడి యుండును. పెండ్లి రిజిస్టరులలో స్వగ్రామము వ్రాసియుండును. సరిహద్దు సంఘముల కాపరులు, కార్యదర్శులు బీరువాలలోనున్న ఆ పుస్తకములను చెదలు తినకముందే తెరచి, గనులకు పోయిన కుటుంబముల పేర్లు ఒక పట్టీగా వ్రాయవచ్చును. ఇందుకు డబ్బు అక్కరలేదు, ఓపిక చాలును.

అట్లే కె.జి.ఎఫ్. చూడబోవు యౌవనస్థులు దిబ్బలమీద ఫోటోలు తీసికొని వెంటనే తిరిగి రాకుడి. లైన్లలోనికి వెళ్లి, అనుమతి అడిగి, పెద్దలతో మాట్లాడుడి. అచ్చట తెలుగు మాట్లాడువారు కూడ దొరకుదురు. 2001లో 30 ఏండ్లున్నవారు నేడు 50 దాటినారు. అంతకు ముందటి తరమువారు వేగముగా తరలిపోవుచున్నారు. గనిలోనికి దిగిన తాత, లైనులో కాపురము చేసిన అవ్వ మీ సంఘములోనే యున్నయెడల కె.జి.ఎఫ్. వరకు పోనక్కరలేదు. ఈ శతాబ్ది సంవత్సరము ముగియకముందే వారియొద్ద కూర్చుండి, ఏ గని, ఏ లైను, ఎవరెవరు కలిసి దిగినారు, ఎవరు తిరిగి రాలేదు అని అడిగి, పేర్లతో సహా వ్రాసికొనుడి.