మద్రాసు కాఫీ హోటలు – కంచం పొత్తు

చెన్నై వెళ్ళొచ్చిన మనవాళ్ళు అక్కడి తిండి గురించి తెగ చెబుతారు. ట్రిప్లికేన్‌లో సాంబారు ఇడ్లీ, మైలాపూరు సందుల్లో మెస్సులు, మౌంట్ రోడ్డు మీద బిరియానీ, ఇత్తడి డవరాలో నురగ కట్టిన ఫిల్టర్ కాఫీ. ఏది ఎక్కడ బాగుంటుందో చెప్పే రాతలు కొల్లలు. నేను ఇంకో ప్రశ్న వేస్తాను. ఆ బల్ల దగ్గర మీ పక్కన కూర్చుని తింటున్న మనిషిది ఏ కులం? మీకు తెలీదు. మీది ఆయనకి తెలీదు. ఇద్దరూ సాంబారు పోయించుకుని తిని, బిల్లు కట్టి ఎవరి దారిన వాళ్ళు పోతారు.

ఇది మామూలు సంగతిలాగే కనిపిస్తుంది. కాని మన సమాజంలో ఇంత కొత్త అలవాటు ఇంకొకటి దొరకడం కష్టం. తెలుగులో 'కంచం పొత్తు, మంచం పొత్తు' అనే మాట ఉంది. ఎవరితో కలిసి తింటామో, ఎవరికి పిల్లనిస్తామో ఆ రెండూ కలిపితే కులం. కులం తప్పినవాణ్ణి 'పంక్తిబాహ్యుడు' అన్నారు, అంటే భోజనాల వరసలోంచి గెంటేసినవాడు. బహిష్కారానికి మనవాళ్ళు విస్తరి ముందు నుంచే పేరు వెతుక్కున్నారన్న మాట. అలాంటి దేశంలో ముక్కూ మొహం తెలీని మనిషి పక్కన కూర్చుని తినడం ఎలా మొదలైంది? దానంతటదే రాలేదు. 1953 దాకా మన తెలుగువాళ్ళకి కూడా రాజధానిగా ఉన్న మద్రాసులో ఆ కథ జరిగింది కనక మనం తెలుసుకోవడం అవసరం.

హోటలు రాకముందు డబ్బిచ్చి తినే చోట్లు అసలు లేవని కాదు. ఓరుగల్లు పూటకూటింటి ప్రస్తావన 'క్రీడాభిరామం'లోనే ఉంది. గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ మనందరికీ తెలిసిన మనిషే. అయితే పూటకూళ్ళ ఇంట్లో ఎవరికి విస్తరి వేస్తారు, ఎవరికి గుమ్మం అవతలే చెల్లు అనేది ముందే తేలిపోయిన విషయం. సత్రాలదీ అదే పద్ధతి. ఏ కులం దాత కట్టించాడో, ఏ కులం వాళ్ళకోసం కట్టించాడో చూసుకునే బాటసారి మూట దించేవాడు. వంట బాగుందా లేదా అన్నది తర్వాతి మాట, వండినవాడు ఎవరన్నదే మొదటి మాట.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి మద్రాసు పెద్ద ఉద్యోగాల ఊరైంది. గుమాస్తాలు, ప్లీడర్లు, కాలేజీ కుర్రాళ్ళు, కోర్టు పనులమీద వచ్చే కక్షిదారులు. రైలు దిగిన ప్రతివాడికీ ఊళ్ళో చుట్టం ఉండడు. సరిగ్గా ఆ రోజుల్లోనే కాఫీ ఇళ్ళల్లోకి దూరింది. పెద్దవాళ్ళు మొదట దాన్ని ఈసడించుకున్నారు. చద్దన్నం పోయి ఈ నల్లనీళ్ళు వచ్చాయని విసుక్కున్నారు. కొన్నేళ్ళకి వాళ్ళకీ అది లేకపోతే తెల్లవారేది కాదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. కాఫీ గింజ గురించి మనువుకు తెలీదు. దాని పుట్టిల్లు ఇథియోపియా. యెమెన్ అరబ్బులు దాన్ని లోకానికి అలవాటు చేశారు. చిక్కమగళూరు కొండల మీదికి దాన్ని మొదట తెచ్చింది బాబా బుడన్ అనే ముస్లిం ఫకీరని ఐతిహ్యం. పెద్ద ఎత్తున తోటలు వేసింది తెల్లవాళ్ళు. పళ్ళు కోసింది పేద కూలీలు. అందులో కలిపే చికోరీ కూడా యూరప్ అలవాటే. ఇన్ని చేతులు మారి వచ్చిన పానీయం అది. కాని మద్రాసు బోర్డుల మీద లెక్కలోకి వచ్చింది ఒక్క చెయ్యే. 'బ్రాహ్మణాళ్ కాఫీ క్లబ్' అని రాశారు. చిట్టచివర కాచి పోసినవాడి కులం చెప్పగానే ముందున్న చేతులన్నీ మాయమైపోయాయి. ఆచారం తర్కానికి నిలబడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఆ హోటళ్ళలో చాలా భాగం ఉడుపి ప్రాంతం వాళ్ళవి. వాళ్ళు వంట నేర్చిన బడి మఠాల వంటశాల. అక్కడ బ్రాహ్మణులకు వేరే పంక్తి. చిన్నతనంలో మఠం వంటింట్లో పనిచేసిన కె. కృష్ణారావు మద్రాసు చేరి, హోటళ్ళలో చాకిరీ చేసి, 1938లో రాయపేటలో ఉడ్‌లాండ్స్ హోటలు తెరిచారు. 1962లో మొదలైన ఉడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ 2008లో మూతపడేదాకా మద్రాసులో పెద్ద కూడలి. శ్రమతో పైకొచ్చిన మనిషి ఆయన. ఆయన తరం హోటలువాళ్ళు రుచి, శుభ్రత, చవక మూడూ చూపించారు. ఆ మాట ఒప్పుకోవాలి. కాని ఆ రోజుల హోటళ్ళలో చాలాచోట్ల లోపల ఒక అడ్డుగోడ ఉండేది. గోడకి అటు బ్రాహ్మణులు, ఇటు మిగిలినవాళ్ళు. దళితులకైతే గోడకి ఇటువైపు కూడా చోటు లేదు.

ఈ గోడ కాఫీ హోటలుకే పరిమితం కాలేదు. 1916లో డాక్టర్ సి. నటేశ మొదలియార్ ట్రిప్లికేన్‌లో 'ద్రవిడియన్ హోమ్' అనే విద్యార్థి వసతిగృహం పెట్టారు. కారణం సులువుగా అర్థమవుతుంది. చదువుకోడానికి మద్రాసు వచ్చిన బ్రాహ్మణేతర కుర్రాళ్ళకి తిండి, బస దొరకడం కష్టంగా ఉండేది. అదే ఏడాది ఆయనా, టి.ఎం. నాయర్, మన పిట్టి త్యాగరాయ చెట్టి కలిసి జస్టిస్ పార్టీకి పునాది వేశారు. ఆ పార్టీ ఉద్యోగాల పంపకం కోసం పుట్టిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నిజమే. అయితే దాని వెనక అన్నం విస్తరి కూడా ఉందని గుర్తుంచుకోవాలి.

మద్రాసుకు దూరంగా, తిరునెల్వేలి జిల్లా చేరన్మాదేవిలో, జాతీయవాది వి.వి.ఎస్. అయ్యర్ నడిపిన గురుకులంలో బ్రాహ్మణ పిల్లలకి వేరే భోజనం పెట్టారని 1924-25లో పెద్ద గొడవైంది. దానికి కాంగ్రెస్ చందా కూడా ఉంది. దేశం కోసం ప్రాణాలివ్వడానికి పిల్లల్ని తయారుచేసే బడిలో కూడా విస్తళ్ళు వేరుగా వెయ్యాలా అని అడిగినవాళ్ళలో పెరియార్ ఇ.వి. రామసామి ముఖ్యులు. 1925 చివర ఆయన కాంగ్రెస్ వదిలేశారు. రైల్వే స్టేషన్ల భోజనశాలల్లో కూడా బ్రాహ్మణులకి ఒక గది, ఇతరులకి ఒక గది ఉండేవి. అందరి డబ్బుతో నడిచే రైలు, అందరూ కొనే ఒకే టికెట్, గదులు మాత్రం రెండు. ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా 1941లో ఆ ఏర్పాటు ఎత్తేశారు.

తర్వాత రాజ్యాంగం వచ్చింది. 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళ పేరెత్తి మరీ చెప్పింది, కులం కారణంగా ఎవరినీ ఆపకూడదని. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. గోడలు పడిపోయాయి. బోర్డు మాత్రం మిగిలింది.

1957 మే నెలలో ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ ముందు ద్రావిడ కళగం కార్యకర్తలు రోజూ సత్యాగ్రహం మొదలుపెట్టారు. కోరిక ఒక్కటే, బోర్డు మీద 'బ్రాహ్మణాళ్' అనే మాట తీసెయ్యాలి. నెలల తరబడి వందలమంది అరెస్టయ్యారు. చివరికి 1958లో ఆ మాట పోయింది.

చాలామంది అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. 'అందరినీ లోపలికి రానిస్తున్నప్పుడు పేరుతో మీకేం పని? శాకాహార హోటలని తెలియడానికి అలా రాసుకున్నారు, అంతే కదా?' న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా అంత సూటిగానే ఉంది. తినేదాంట్లో ఏముందో తెలుసుకునే హక్కు ప్రతివాడికీ ఉంది. మాంసం తిననివాడికి అది శాకాహారమని తెలియాలి. వేరుశెనగ పడనివాడికి అందులో వేరుశెనగ ఉందని తెలియాలి. అందుకే 2001 నుంచి ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క వేస్తున్నారు. ఆ చుక్క పదార్థం గురించి చెబుతుంది. 'బ్రాహ్మణ' అనే మాట పదార్థం గురించి చెప్పదు, వండినవాడి పుట్టుక గురించి చెబుతుంది. ఆ పుట్టుకే శుభ్రతకి హామీ అని సూచిస్తుంది. మిగతావాళ్ళ చెయ్యి మైలదని పైకి అనకుండా అంటుంది.

మడికీ శుభ్రానికీ తేడా ఇదే. తడిబట్ట కట్టుకున్నా గోళ్ళలో మట్టి ఉంటే మడి చెడదు, కడుపు చెడుతుంది. పాచినీళ్ళలో ఉన్న టైఫాయిడ్ క్రిమి వంటవాడి గోత్రం అడిగి ఆగదు. సబ్బు, మరిగిన నీళ్ళు, మూతపెట్టిన గిన్నె ఎవరి చేతిలోనైనా ఒకేలా పనిచేస్తాయి. సూక్ష్మజీవుల శాస్త్రం నూటయాభై ఏళ్ళుగా చెబుతున్నది ఇంతే.

మరి గోడని పడగొట్టింది ఉద్యమమా, వ్యాపారమా? రెండూ అనే చెప్పాలి. రెండు గదులకి ఇద్దరు సర్వర్లు కావాలి, అద్దె ఎక్కువ. జేబులో అణా ఉన్న ప్రతివాడూ గిరాకీయే కనక వ్యాపారి మెత్తబడతాడు. కాని వ్యాపారం ఒక్కటే చాలితే, గోడ అంతకాలం నిలబడేది కాదు. పక్కవాణ్ణి దూరం పెట్టినందుకు కూడా డబ్బిచ్చే గిరాకీ ఉన్నంతకాలం ఆ దూరాన్ని కూడా అమ్ముతారు. ఆ అమ్మకాన్ని సిగ్గుపడే పనిగా మార్చింది ఉద్యమం.

ఫలితం చూడండి. 1951లో మౌంట్ రోడ్డు మీద తెరిచిన బుహారీలో అన్ని మతాలవాళ్ళూ బిరియానీ తిన్నారు. నాడార్ కులస్థులకి కముది గుడిలోకి వెళ్ళే హక్కు లేదని 1908లో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. 1981లో అదే కులానికి చెందిన పి. రాజగోపాల్ మద్రాసు కె.కె. నగర్‌లో శరవణ భవన్ పెట్టారు. ఆయన తర్వాత హత్యకేసులో శిక్షపడి 2019లో చనిపోయారు. అది వేరే కథ. మనకి కావలసింది ఇది: ఎవరి అడుగు పడితే గుడి మైలపడుతుందని కోర్టు దాకా వెళ్ళారో, డెబ్బై మూడేళ్ళ తర్వాత ఆ కులంవాడి హోటల్లో అయ్యర్లు, అయ్యంగార్లు వరసలో నిలబడి దోసె తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఈ దారిలో హోటలు కంటే ముందు నడిచిన మనుషులు ఉన్నారు. కేరళ చెరాయిలో 1917లో సహోదరన్ అయ్యప్పన్ పులయలతో కలిసి సహపంక్తి భోజనం పెట్టిస్తే ఆయన్ని 'పులయ అయ్యప్పన్' అని వెక్కిరించారు. ఆయన దాన్ని బిరుదుగా తీసుకున్నారు. మన రాజమండ్రిలో వీరేశలింగం 1881లో మొదటి వితంతు వివాహం చేయిస్తే, ఆ ఇంట తిన్నవాళ్ళకి వెలి బెదిరింపులు వచ్చాయి. మన గోరా సహపంక్తి భోజనాలు నడిపారు. 1972 ఆగస్టు 15న విజయవాడలో ఆవుమాంసం, పందిమాంసం కలిపి వడ్డించిన కార్యక్రమం పెట్టారు. ఎవరి మతాన్నో గేలిచెయ్యడానికి కాదు, తిండి నిషేధాలే మనుషుల మధ్య గోడలని చూపించడానికి.

ఇంత జరిగాక కులం పోయిందా? కలిసి తిన్నంత మాత్రాన కులం చావదని అంబేడ్కర్ 1936లోనే 'కులనిర్మూలన'లో వాదించారు. అసలు మందు కులాంతర వివాహం అన్నారు. మన సామెతలో చెప్పాలంటే కంచం పొత్తు కుదిరినా మంచం పొత్తు కుదరలేదు. 2011-12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు నూటికి అయిదు. తమ ఇంట్లో అంటరానితనం పాటిస్తామని నూటికి 27 ఇళ్ళవాళ్ళు స్వయంగా ఒప్పుకున్నారు. మన పల్లెల్లో టీ కొట్టు దగ్గర దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి మీద పోరాటాలు నిన్నమొన్నటి సంగతి. 2012లో శ్రీరంగంలో ఒక హోటలు బోర్డు మీద మళ్ళీ 'బ్రాహ్మణాళ్' మాట కనిపించి మళ్ళీ ఆందోళన చెయ్యాల్సి వచ్చింది. పచ్చళ్ళ సీసాల మీదా, క్యాటరింగ్ ప్రకటనల్లోనూ ఆ మాట ఇప్పటికీ రుచికి మారుపేరుగా చెలామణీ అవుతోంది. 2014 ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులు. అయినా మాంసం వండే హోటలుకి 'మిలిటరీ' అని వేరే పేరు పెట్టుకున్నాం, ఏ పేరూ లేకుండా ఉత్త 'హోటలు' అంటే శాకాహారమే అనుకున్నాం.

అలాగని మద్రాసు బల్ల సాధించినది చిన్నది కాదు. మనిషి పక్కన మనిషి కూర్చుని తింటే ఆకాశం విరిగి పడదని లక్షలమందికి రోజూ మూడుపూటలా రుజువు చేసింది. ఉపన్యాసాలు వినని వాళ్ళకి కూడా ఆ రుజువు కడుపులోకి వెళ్ళింది.

కనక ఈసారి బోర్డు చదివినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఇందులో ఏం వేశారు? ఎంత శుభ్రంగా వండారు? ఈ రెండూ అడగడం మీ హక్కు. వంటింట్లోకి తొంగిచూడండి, ఆహార భద్రతా లైసెన్సు గోడ మీద ఉందేమో చూడండి. 'ఎవరు వండారు' అనే మూడో ప్రశ్నకి మాత్రం బోర్డు మీద చోటు లేదు. ఎవరైనా అడక్కుండానే దానికి జవాబు రాసి పెడితే, మీరు అడగాల్సిన మాట ఒకటుంది: 'అయ్యా, అది మీ కాఫీలో ఎన్ని చెంచాలు వేస్తారు?'