పంటి మీద నీటి రాత

జ్ఞానదంతం అన్న మాట వింటే ఏ ఆయుర్వేద గ్రంథంలోంచో వచ్చిందనిపిస్తుంది. నిజానికి అది లాటిన్ నుంచి ఇంగ్లీషు మీదుగా మనకి చేరిన అనువాదం. పదిహేడు దాటాక, బుద్ధి వచ్చే వయసులో మొలుస్తుందని ఆ పేరు. సుశ్రుతుడు బుద్ధి జోలికి పోలేదు, వాపు సంగతే చూశాడు. దవడ చివరి పన్ను దగ్గర పెద్ద వాపు, విపరీతమైన నొప్పి, లాలాజలం కారడం: దీనికి ఆయన పెట్టిన పేరు అధిమాంసం. పెరిగిన కండని కోసేసి, వస, యవక్షారం లాంటివి తేనెతో కలిపి రాయమన్నాడు. సగం మొలిచిన పన్ను మీద కప్పుకున్న చిగురుని ఇవాళ డెంటిస్టు కత్తిరించేదీ దాదాపు ఇదే పద్ధతి. ఎత్తుపళ్ళ దగ్గర మాత్రం ప్రాచీనులు చేతులెత్తేశారు. వంకరపోయి వికారంగా కనిపించే పళ్ళని కరాళం అన్నారు, నయం కాదని తేల్చేశారు.

నాకు రెండూ ఉన్నాయి. పై వరసలో ముందుపన్ను ఒకటి ఎత్తు. కింద ఎడమవైపు జ్ఞానదంతం సగం బయటికొచ్చి ఆగిపోయింది, ఏడాదికి రెండుసార్లు వాస్తుంది. వెనకది తోయబట్టే ముందుది ఎత్తొచ్చిందని మా అమ్మ నమ్మకం. చాలామంది నమ్మకం కూడా అదే, కానీ దానికి బలమైన ఆధారాలు దొరకలేదు. జ్ఞానదంతాలు అసలు రాని వాళ్ళకీ వయసుతోపాటు ముందుపళ్ళు ఇరుకవుతాయి. డెంటిస్టు నాకు మూడు దారులు చెప్పింది: బ్రేసెస్, అలైనర్లు, లేదంటే పన్నుని అరగదీసి పైన వెనీర్. చెప్తూ చెప్తూ ఆగి, "చిన్నప్పుడు ఏ ఊళ్ళో పెరిగారండీ?" అని అడిగింది. ఆ పన్ను మీద సున్నం పూసినట్టు తెల్లటి చారలున్నాయి. అలాంటి పన్నుకి బ్రేసెస్ ముక్కలు సరిగా అతుక్కోవట.

మాది నేరేడుచర్ల. కానీ అయిదేళ్ళు వచ్చేదాకా నేను పెరిగింది మర్రిగూడ వైపు, అమ్మమ్మగారింట్లో.

పై ముందుపళ్ళ పింగాణి పొర, అంటే ఎనామిల్, బిడ్డకి మూడు నాలుగు నెలలప్పుడు మొదలై నాలుగైదేళ్ళకి పూర్తవుతుంది. పన్ను బయటికొచ్చేది ఏడో ఏట. జ్ఞానదంతం పైభాగం తయారయ్యేది సుమారు ఎనిమిది నుంచి పదహారేళ్ళ మధ్య. ఆ సమయంలో తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే పొర సరిగా గట్టిపడదు. చారలు పడతాయి, ముదిరితే గోధుమరంగు మచ్చలూ గుంటలూ వస్తాయి. ఎముకలాగా ఎనామిల్ తనని తాను మళ్ళీ కట్టుకోలేదు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే అది ఎడిట్, డిలీట్ లేని లాగ్ ఫైలు. నా ముందుపన్ను మీద మర్రిగూడ బోరునీళ్ళున్నాయి. బయటికొచ్చినంత మేర నా జ్ఞానదంతం శుభ్రంగా ఉంది. ఒక్క నోరు చూసి సిద్ధాంతం కట్టకూడదనుకోండి.

1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెకే అనే డెంటిస్టు ఈ మచ్చల వెంట పడ్డాడు. కారణం ఫ్లోరైడని తేలడానికి 1931 దాకా పట్టింది. 1937లో షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని రాశారు. 1955 డిసెంబరులో ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అదే నెల 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. ఒకే జిల్లాకి సంబంధించిన ఈ రెండు సంగతుల్లో మన పాఠ్యపుస్తకాల్లో నేను చదివింది రెండోదే.

1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, నేరేడుచర్లల్ని వరి పొలాలుగా మార్చింది. మర్రిగూడ, మునుగోడు కాలువకంటే ఎత్తున ఉన్నాయి. నీళ్ళు ఎక్కలేదు. అక్కడి గ్రానైటు రాళ్ళలోనే ఫ్లోరైడు ఉంది, వానలు తక్కువ, బోర్లు లోతుకి పోతూనే ఉన్నాయి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు ఆ బోర్లకేం తెలుసు? పళ్ళతో ఆగితే అదృష్టమే. ముదిరితే నడుములు వంగిపోయాయి, కాళ్ళు వంకర్లు తిరిగాయి.

1975లో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతి ప్రకటించింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. టాంజానియా, కెన్యా, ఇథియోపియాల్లో కూడా దాన్ని వాడి చూశారు. జిల్లా పేరు ఆఫ్రికా దాకా వెళ్ళింది, జిల్లా జనం మాత్రం అవే బోరునీళ్ళు తాగారు. రోజూ కొలత ప్రకారం పటిక కలపాలి, కదపాలి, తేరనివ్వాలి, అడుగున మిగిలే బురద ఎక్కడో పోయాలి. ల్యాబులో సులువు. రోజుకూలీకి పోయే ఇంట్లో ఎవరు చేస్తారు?

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీకి దిగారు. ఫ్లోరైడు నీళ్ళ గోడు ఢిల్లీకి వినిపించాలని జలసాధన సమితి పిలుపుతో వేసిన నామినేషన్లే చాలా వరకు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఢిల్లీ విన్నది, డిపాజిట్‌ని 500 నుంచి 10,000 రూపాయలకి పెంచింది. ఇంత చేదు హాస్యం ఏ కథకుడు రాసినా అతిశయోక్తి అనేవాళ్ళం.

కృష్ణ నీళ్ళు పైపుల్లో ఇంటింటికీ పంపే మిషన్ భగీరథ 2016లో మొదలైంది. అప్పటికి పదేళ్ళ పిల్లకి ముందుపళ్ళు తయారై, మచ్చలతో బయటికొచ్చేసి ఉంటాయి. ఫొటోకి నవ్వమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లల్ని మా అమ్మమ్మ వీధిలోనే ఎంతమందినో చూశాను. పెళ్ళిచూపుల్లో గారపళ్ళనీ, తోముకోదనీ అనిపించుకున్న మా చిన్నమ్మ రోజుకి మూడుసార్లు వేపపుల్లతో తోమేది. ఎంత తోమినా పోని మచ్చ అని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఆనాటి ఆ పదేళ్ళ పిల్లలకి ఇప్పుడు జ్ఞానదంతాలు వస్తున్నాయి. కొళాయిలో కృష్ణ నీళ్ళు మొదటినుంచీ సక్రమంగా వచ్చిన ఇళ్ళల్లో ఆ పళ్ళు మచ్చ లేకుండా రావాలి. నవ్వితే కనబడని మూలలో.